ఎర్రబుగ్గ మీద బొట్టు

మహబూబాబాద్,
ఏప్రిల్ నెలాఖరు, 1981

తమ్ముడు వెంకట్రాంకు,

ఇక్కడంతా క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకని అసలు సంగతే ముందు రాస్తున్నాను. నన్ను నెల్లికుదురు బడికి బదిలీ చేశారు. జూన్‌లో బడి తెరవగానే అక్కడ చేరాలి. చేరకపోతే ఉద్యోగం వదులుకున్నట్టేనని ఆఫీసులో మొహం మీదే చెప్పారు.

అక్కడే ఇల్లు తీసుకుని ఉండమని సలహా చెప్పకు. ఆ పనీ చేసి చూశాను. ఒంటి ఆడమనిషికి, అందులో కాలు సరిగా లేనిదానికి ఇల్లిస్తే రేపు ఏమన్నా అయితే ఎవరు చూడాలని అడిగారు. ఇక తొర్రూరు బస్సంటావా, అది ఇక్కడ మన మానుకోటలోనే నిండిపోతుంది. మొన్న ఎక్కబోతే మెట్టు మీద నా ఎడమ కాలు నిలవలేదు. కండక్టరు నా రెక్క పట్టుకుని బియ్యం బస్తాను లాగినట్టు లోపలికి లాగాడు. "ఇంట్ల కూసోక ఎందుకమ్మా నీకీ తిప్పలు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను దిగిపోయాను.

బాపు కారు పంపించు. క్లచ్చి లేని బండే కావాలని బాపు హైదరాబాదంతా తిరిగి ఆ అమెరికా కారు కొన్నది నా ఎడమ కాలు కోసమని నీకు తెలుసు. దానికి కుడికాలు ఒక్కటి చాలు, గేర్లు వాటంతట అవే మారతాయి. బాపు పోయిననాడు పదిమందిలో నువ్వే అన్నావు, "బండి అక్కది, షెడ్డుల పెట్టి చూసుకుంట" అని. ఇన్నాళ్లు చూసుకున్నావు, సంతోషం. ఇప్పుడు డ్రైవర్ పెద్దులుకిచ్చి పంపు. నీ భార్య ఊర్మిళకు నా దీవెనలు.

మీ అక్క
సులోచన

జనగామ,
మే మొదటివారం

అక్కకు వెంకట్రాం నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం అందింది. బదిలీ సంగతి చదివి నేను, ఊర్మిళ మస్తు బాధపడ్డం. కానీ బండి సంగతి మరిచిపో. అది నడిచే హాలత్‌ల లేదు, షెడ్డులనే పడి ఉంది. డాష్‌బోర్డు మీద ఎడమపక్క చిన్న లైటు, ఎర్రబుగ్గ వెలుగుతున్నది. మిస్త్రీ బానెటు ఎత్తి చూసి "గేర్లు ఖతం పటేలా, దీని సామాను అమెరికాల దొరుకుతది" అన్నడు. ఊర్మిళకు ఆ బుగ్గ చూస్తేనే గుబులు. శుక్రవారం నాడు దాని మీద పసుపు రాసి పెద్ద కుంకుమబొట్టు పెట్టింది. అప్పటిసంది కండ్లకు కనిపిస్తలేదు, జర నిమ్మళంగ ఉన్నది.

నా మాట విని బదిలీ రద్దు చేయించుకో. ఊర్మిళ వాళ్లన్న దయాకర్ మొగుళ్లపల్లిల సర్పంచికి నిలబడ్డడు. గెలిస్తే పెద్దోళ్లతోని ఒక మాట చెప్పిస్తడు. కాకుంటే రిక్షా మాట్లాడుకో. ఇంకో సంగతి, కోప్పడకు. ఆడమనిషి, అందుల ఆ కాలుతోని, అంత పెద్ద బండి రోడ్డు మీద నడిపితే చూసేటోళ్లు ఏమనుకుంటరు? బాపు ఉన్నప్పుడంటే అది ముద్దు. ఇప్పుడు మనకో పరువుంది.

నీ తమ్ముడు
వెంకట్రాం

మహబూబాబాద్,
మే రెండోవారం

వెంకట్రాంకు,

మానుకోట నుంచి నెల్లికుదురుకు రిక్షా! తొక్కేవాడు సగం దారిలో దిగి నన్నే తొక్కమంటాడు.

బాపు ఉన్నప్పుడు ముద్దు అని రాశావు. అరవైతొమ్మిది గుర్తుందా? తెలంగాణ కావాలని కాలేజీలన్నీ మూతపడి నేను ఇంటికొచ్చి కూర్చున్న ఏడు. రోడ్డు మీద బస్సు లేదు, లారీ లేదు. బాపు నన్ను స్టీరింగు ముందు కూచోబెట్టి "రోడ్డు మొత్తం నీకే ఇడిసిపెట్టిన్రు బిడ్డా, నడుపు" అన్నాడు. వెనక సీట్లో ఉన్న నువ్వు పెంబర్తి దాటేదాకా "అక్క గుద్దుతది" అని ఏడ్చావు. నేను దేన్నీ గుద్దలేదు. వరంగల్‌లో లైసెన్సు ఇచ్చే ఆఫీసరు నా కాలు చూసి నవ్వాడు, నేను నడిపే బండిలో ఒక చుట్టు తిరిగొచ్చాక నవ్వలేదు. అది ముద్దు కాదు, నేర్చుకున్న విద్య.

మీ మిస్త్రీ బానెటు ఎత్తి గేర్లు చూశాడా? గేర్లు అక్కడ కనిపించవురా, సీట్ల కింద ఉంటాయి. ఆ బుగ్గ బండితో పుట్టింది కూడా కాదు. మనకంటే ముందు దాన్ని వాడినవాళ్లు ఇక్కడి ఎండలకు గేరునూనె కాగిపోతుందని భయపడి విడిగా పెట్టించుకున్నారు. నూనె మరీ వేడెక్కితే వెలుగుతుంది, చల్లారితే ఆరుతుంది. దాని మీద బొట్టు పెట్టడమంటే జ్వరమొచ్చిన పిల్లకు ముసుగు కప్పి నయమైందనుకోవడం. ఊర్మిళను ఏమీ అనను, ఆమెకు ఎవరూ చెప్పలేదు. నీకు మాత్రం బాపు చెప్పాడు.

నేను అడిగేవాటికి నీ కళ్లతో చూసి జవాబు రాయి. తాళంచెవి తిప్పగానే బుగ్గ వెలుగుతుందా, కాసేపు నడిచాకనా? తిప్పగానే అయితే తీగలో తప్పు. నడిచాక అయితే నూనె సంగతి. ఇంజను అరుస్తూ ఉన్నా బండి కదలనంటుందా? సమంగా ఉన్నచోట ఆపి, ఇంజను నడుస్తుండగానే గేరునూనె కొలిచే కడ్డీ తీసి తెల్లగుడ్డకు తుడువు. రంగు చూడు, వాసన చూడు. ఎర్రగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసనొస్తే లోపల కాలుతున్నట్టు.

నూనె తగ్గిందని నా అనుమానం. బాపు తెప్పించిన ఎర్రనూనె డబ్బా షెడ్డులో కిటికీ పక్క గూట్లో ఉంది. అదే పోయించు. వేరే ఏ నూనె చుక్క కూడా తగలనివ్వకు.

సులోచన

జనగామ,
మే చివర

అక్కకు,

నీ పరీక్ష పేపరుకు జవాబులు రాస్తున్న. బళ్లె పంతులమ్మవు గదా, మార్కులు కూడ ఎయ్యి.

తాళంచెవి తిప్పంగనే వెలుగదు. బొట్టు గీకి చూసిన. కొంతసేపు బాగనే ఉంటది. గుట్ట ఎక్కేటప్పుడు, వాగు ఇసుకల చక్రాలు దిగబడ్డప్పుడు వెలుగుతది. అప్పుడు ఇంజను మస్తు మొత్తుకుంటది, బండేమో జరుగది. నూనె తక్కువుండె. నువ్వన్నట్టె పొయ్యమని చెప్పిన, ఇప్పుడు కడ్డీ మీద నిండుగ ఉన్నది. తెల్లగుడ్డకు తుడిస్తే ఎర్రగ లేదు. పసుపుపచ్చగ, చిక్కగ, పాకం లెక్క సాగుతున్నది. మాడు వాసన కాదు. అవ్వ తలకు పెట్టుకునే నూనె వాసన, దేవునింట్ల దీపం వాసన. చెడ్డ వాసనేం కాదు.

అన్నీ నువ్వు చెప్పినట్టె చేసినం. అయినా బండి ఇంకా మొరాయిస్తున్నది. ఇగ నువ్వే ఒప్పుకో, దాని పని అయిపోయింది. పాతినుపోళ్లకు ఇచ్చేస్త.

వెంకట్రాం

మహబూబాబాద్,
జూన్ మొదలు

వెంకట్రాం,

అది ఆముదం.

అమెరికా బండి గేర్లలో ఆముదం పోశారు. ఎడ్లబండి ఇరుసుకు రాసినట్టు! చదివి నాకు నవ్వు రాలేదు, ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. లోపల జానెడు పలకలుంటాయి, వాటికి పలచటి నూనె అందితేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆముదం పోస్తే జారుతాయి, జారితే కాగుతాయి, కాగితే ఆ ఆముదమే జిగురై అతుక్కుంటుంది.

ఇప్పుడు నాకు జవాబు చెప్పు. షెడ్డులో పడి ఉన్న బండి ఏ గుట్ట ఎక్కింది? మన షెడ్డులో వాగు ఎప్పటి నుంచి పారుతోంది? ఎర్రనూనె డబ్బా చేతికందే గూట్లో ఉంటే ఎవడన్నా ఆముదం పోస్తాడా? డబ్బా ఉన్నచోట బండి లేదు. బండి ఉన్నచోట డబ్బా లేదు. నువ్వు నాకు అబద్ధం రాశావు, నేను ఆ అబద్ధాన్ని నమ్మి మందు చెప్పాను. రోగి ఒక ఊళ్లో, మందు ఒక ఊళ్లో.

ఎవరికిచ్చినవ్‌రా నా బండి? బడి తెరిచే దినం దగ్గరికొచ్చింది. నువ్వు రాయకుంటే నేనే రైలెక్కి జనగామకొస్త, షెడ్డు ముందర కూసుంట. నీ పరువు అప్పుడు చూద్దాం.

సులోచన

భూపాలపల్లి,
జూన్

అక్కా,

అవును, ఇచ్చిన. దయాకర్‌కు ఇచ్చిన. ఎలక్షన్ల తిరిగేతందుకు జీపు దొరకలేదన్నడు. ఇంటల్లుణ్ని, కాదని ఎట్లనాలె? అంత పెద్ద కారు వాడవాడ తిరిగితే జనం చూసేతందుకొచ్చిన్రు. గెలిచిండు. గెలిచినంక దండలేసి ఊరేగింపు గుడ అండ్లనే తీసిన్రు.

దారిల రాయి తగిలి కింద నూనె కారింది. పెద్దులు బుగ్గ చూసి ఆపితే, "ఓట్లు ముంగటుంటే బండాపుతవార" అని దయాకర్ కసిరిండట. ఊర్మిళ, వాళ్లన్న గెలవాలని బొట్టు పెట్టింది. నూనె పొయ్యమని నేనే చెప్పిన. ఏ నూనెనో చెప్పలే. వాళ్లింట్ల కుండలనిండ ఆముదముంటది, పోసిన్రు. తర్వాత బీడీల తునికాకు కల్లం చూసేతందుకు దాన్ని భూపాలపల్లికి తెచ్చిండు, ఇక్కడనే ఆగిపోయింది. ఆకు షెడ్డు పక్కన నిలబెట్టిన్రు. వెనక సీట్ల కోడి పొదుగుతున్నది. పాతినుముకు ఇస్తనన్నడు, సరే అన్న.

నన్ను దొంగను చేసి రాసినవు. ఇప్పుడు నా మాట కూడ విను. ఆ ఇంట్ల అన్నీ నీ కాలు చుట్టే తిరిగినయ్. నీకు కారు కొన్న బాపు నాకు సైకిల్ కొనుమంటే "నీకు రెండు కాళ్లున్నయ్ గదరా" అన్నడు. నీళ్లు తే అంటే నేను. దుకాణం పో అంటే నేను. బండి బురదల దిగబడితే దిగి నూకేది నేను. నువ్వు ముందు సీట్ల రాణి లెక్క కూసునేది. ఎన్నడన్న వెనక్కి మర్రి చూసినవా అక్కా? ఒక్కసారన్న తమ్ముడు నూకుతున్నడని అన్నవా? బండి పోయిందని నీకు బాధ. నాకు లేదు. ఉన్నట్టు నటించుడు నాతోని కాదు.

వెంకట్రాం

మహబూబాబాద్,
జూన్ నెలాఖరు

తమ్ముడు వెంకట్రాంకు,

నిజం రాశావు, అందుకే మళ్లీ తమ్ముడూ అని రాస్తున్నాను. కోపం తగ్గి కాదు.

బడి తెరిచారు, చేరాను. ఎలా పోతున్నానో తెలుసుకో. పొద్దున పాల వ్యానులో క్యాన్ల మధ్య కూచుని పోతున్నాను. సాయంత్రం ఎవరి ట్రాక్టరు దొరికితే వాళ్ల కాళ్లావేళ్లా పడుతున్నాను. ఎక్కేటప్పుడు ప్రతివాడూ సాయమని చంకల కింద చేతులు పెడతాడు. అన్నీ మంచి చేతులు కావు. ఇది కూడా నాతో రాయించుకున్నావు.

నువ్వు నూకింది నిజం. సైకిలు కొనకపోవడం బాపు చేసిన అన్యాయం. నీ కోపం న్యాయమైనదే, నేను కాదనను. కానీ వెంకట్రాం, నీకు రెండు కాళ్లున్నయని నిన్ను అన్నిటికీ పంపిన్రు. నన్ను ఎవరూ ఎక్కడికీ పంపలే. చెంబెడు నీళ్లు తెమ్మని కూడ అడగలే. నేను రాణిని కాదు, గూట్ల పెట్టిన బొమ్మను. బండి నడుపుడు నేర్చుకున్నంక ఒకనాడు అవ్వ వంటింట్లకెళ్లి "సులోచనా, స్టేషన్‌కు పొయ్యి మీ అత్తను తోల్కరాపో" అని కేకేసింది. ఇంట్ల నాకు పని చెప్పుడు అదే మొదలు. నాకు ఆ దినం పండుగ. నువ్వు ఆ బండిని ఇనుమన్నవు.

ఇనుముకు ఇచ్చేముందు ఒక్క పని చేయి. గేర్ల కింద పళ్లెం లాంటి గిన్నె ఉంటుంది. మరలు విప్పి దించు. ఆముదమంతా పారబోసి జల్లెడను కిరసనాయిల్లో కడుగు. గిన్నె అడుగున వేలు పెట్టి చూడు. మెత్తటి నల్లపొడి తగిలితే పలకలు అరిగాయి గానీ ఇంకా బతుకుతుంది. ఇనుప ముక్కలు మెరిస్తే చచ్చిపోయింది. అప్పుడు ఎవరికైనా ఇచ్చెయ్యి, మళ్లీ అడగను. జనగామ గూట్లో ఉన్న డబ్బా వెంట తీసుకుపో. ట్రాక్టరుకు కట్టి మాత్రం ఈడ్పించకు, వెనక చక్రాలు ఊరికే తిరిగితే మిగిలింది కూడా లోపల అరిగిపోతుంది.

దయాకర్ చూస్తే కాదు, పెద్దులు చూస్తే కాదు. నీ వేలుతో చూసి రాయి. ఈసారి అబద్ధం రాస్తే నాకు తెలుస్తుంది, ఇంతకుముందు తెలిసింది కదా.

అక్క

భూపాలపల్లి,
జూలై

అక్కకు,

చేతుల జిగట ఇంకా పోలే. కాగితానికి మరకంటితే ఏమనుకోకు.

నేను, పెద్దులు గిన్నె దించుతుంటే దయాకర్ వచ్చి నిలబడ్డడు. "ఏంది బావా, సర్పంచి ఇంటల్లుడు బండి కింద పండుడేంది? నలుగురు చూస్తున్నరు" అన్నడు.

"చూడనీ. బండి ఇచ్చినోణ్ని నేనే గదా" అన్న.

"గా కుంటి మనిషికి గింత బండి ఎందుకు బావా?"

చేతుల పానా ఉండె అక్కా. కొట్టాలన్నంత కోపమొచ్చింది. లేచి నిలబడ్డ గుడ. కానీ ఆ మాటనే నేను మంచిగ మడిచి నీకు ఉత్తరంల రాసిన గదా, ఏమని తిట్టాలె వాణ్ని? ఊర్మిళ నా వెంబడి వచ్చింది, ఆమెనే అందుకున్నది. "అన్నా, దండలేసుకొని అండ్ల ఊరేగిననాడు అది ఎవరి బండో నీకు యాదికి లేదా? నేను బొట్టు పెట్టింది నువ్వు గెలవాలని. వదినె బండి పోవాలని కాదు." దయాకర్ లోపలికి పోయిండు. ఇంతవరకు మాట్లాడలే. ఊర్మిళ కూడ మాట్లాడిస్తలేదు.

గిన్నె అడుగున వేలు పెట్టిన. నల్లపొడి. కాటుక లెక్క మెత్తగ ఉన్నది. ఇనుము లేదు. నమ్మకం కుదరక ఎండల పెట్టి మళ్లొకసారి చూసిన. లేదు. కిరసనాయిలుతోని కడిగి, గిన్నె ఎక్కించి, ఎర్రనూనె పోసినం. కొంతసేపు ఇంజను నడిపి, మళ్లీ దించి, మళ్లీ కడిగినం. రెండోసారికి ఆముదం వాసన తగ్గింది. బండి ముందుకు పోతున్నది. వెనక గేరు మాత్రం పడ్తలేదు. ఎంత చేసినా పడలే. అది నా వల్లనే పోయింది, మిస్త్రీ వల్ల కాదు.

ఇంకో ముచ్చట. ఈ బండి ఎప్పుడూ పెద్దులే నడిపేది, నేను ముట్టలే. ఈసారి నేను కూసున్న. జీపు అలవాటుకు నా ఎడమ కాలు ఊకుంటలేదు. క్లచ్చి అనుకొని పొయ్యి బ్రేకు మీద పడ్తున్నది, బండి ఎగిరి ఆగుతున్నది. తల అద్దానికి తాకింది. పెద్దులు నవ్వి, "పెద్దపటేలు లెక్క కూసో పటేలా" అన్నడు.

అప్పుడు యాదికొచ్చింది. బాపు ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకొని నడిపేది. ఎడ్లబండి అలవాటు పోలేదని మనమంతా నవ్వేది. కాదక్కా. ఒక్క కాలుతోని ఎట్ల నడపాలెనో ముందుగల్ల ఆయన నేర్చుకున్నడు, నీకు నేర్పేతందుకు. వెనక సీట్ల కూసున్న నాకు ఆ మడిచిన కాలు రోజూ కనబడేది. నా మీద కూడ ఒక్కనాడు అంత సోయి పెడితే ఏం పోయింది ఆయనకు? కోపమొచ్చింది. ఏడ్సిన గుడ, పెద్దులు ముంగటనే.

నేను కాలు మడుచుకొని వస్తున్న. పరకాల, నర్సంపేట, గూడూరు మీదికెళ్లి మానుకోటకు. బుగ్గ వెలిగినకాడల్లా ఆపుత. ఎంత ఆలస్యమైనా ఎదురుచూడు.

తమ్ముడు

నెల్లికుదురు దారిలో,
ఆగస్టు

తమ్ముడు వెంకట్రాంకు,

ఉత్తరం పైన ఊరి పేరు రాయలేదు, ఎందుకంటే ఇది ఊరు కాదు. చెరువుకట్ట ఎక్కుతుంటే బుగ్గ వెలిగింది. కట్ట దిగి చింతచెట్టు కింద ఆపి, బానెటు ఎత్తి, ఈ కాగితం తీశాను. నూనె చల్లారేదాకా వేరే పని లేదు. పలకలు అరిగాయి కదా, ఎక్కుడు వస్తే దానికి ఆయాసం. సగం రోజులు ఇలాగే ఆగుతాను. అందుకని పెందలాడే బయల్దేరుతున్నాను.

నువ్వు తెచ్చి ఇచ్చావని కోపం పోయిందనుకోకు. వెనక గేరు లేనందుకు బడి ముందు బండి తిప్పుకోలేను. తిప్పాలంటే ఊరు మొత్తం చుట్టి రావాలి. ఆ చుట్టు తిరిగినంతసేపూ నిన్ను, మీ దయాకర్‌ను నోరారా తిట్టుకుంటాను. ఊరు చిన్నది, తిట్లు మిగిలిపోతున్నాయి.

బాపు కాలు మడిచిన సంగతి నాకు తెలుసు. నేర్పిన మొదటిరోజే చెప్పాడు. నీకు చెప్పలేదని మాత్రం తెలియదు. చెప్పాల్సింది. నీ ఉత్తరం చదివాక ఆయన మీద కూడా కోపమొచ్చింది, అది మొదటిసారి. అది నీ వంతు కోపం, నేను కాస్త పంచుకున్నాననుకో.

దసరాకు ఊర్మిళను తీసుకుని రా. బండికి పూజ చేస్తానంటే చేయనీ. స్టీరింగుకు, చక్రాలకు, బానెటుకు ఎన్ని బొట్లయినా పెట్టుకోమను. ఆ బుగ్గ దగ్గరికి మాత్రం ఎవ్వరి చేయీ రానివ్వను. ఆ బండిలో నాతో ఒక్క అబద్ధమూ ఆడనిది అదొక్కటే.

ఇప్పుడే తొర్రూరు బస్సు వచ్చి పక్కన ఆగింది. నేను చెయ్యెత్తిన రోజుల్లో ఒక్కనాడూ ఆగని బస్సు. అదే కండక్టరు. తలుపు పట్టుకుని వంగి, "ఏమైంది టీచరమ్మా, బండి ఖరాబైందా? ఎక్కుతవా? చెయ్యియ్యాల్నా?" అన్నాడు.

"ఖరాబు కాలే. కాగింది. చల్లారినంక పోత. నీ బస్సు నువ్వు నడుపుకో" అన్నాను.

కిటికీల్లోంచి అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. బస్సు పోయింది, దుమ్ము ఈ కాగితం మీద కూడా పడింది.

ఇంకా చాలా తిట్లు రాద్దామనుకున్నాను. బుగ్గ ఆరింది. బడికి పోతున్న.

అక్క
సులోచన